ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) ఆగిపోతే లోపల ఏం జరుగుతుంది, బయట మనం ఏం చేయాలి: వానాకాలం థ్రెడ్

#1 · లింగంపల్లి లోకల్

వానలు మొదలయ్యాయి. ఏటా ఈ సీజన్‌లో ఇక్కడ ఒకటే ప్రశ్న పదిసార్లు వస్తుంది: "బేగంపేట దగ్గర సిగ్నల్ పోయిందంట, గంట నుంచి బండి లేదు, ఏమైంది?" వచ్చే జవాబుల్లో సగం తిట్లు, సగం ఊహలు. ఈసారి పని తెలిసినవాళ్లు అన్నీ ఒకే చోట రాస్తే ఈ సీజనంతా అందరికీ పనికొస్తుంది. నాకిలా జరిగింది, నా బండి ఇంత లేటు అనే కథలు మాత్రం ఈ థ్రెడ్‌లో వద్దు, వాటికి వేరే థ్రెడ్ ఉంది.

నేను అడిగేవి మూడు. పది నిమిషాల ఫెయిల్యూర్‌కి పూటంతా ఎందుకు పాడవుతుంది? స్టేషన్ మైకులో పనికొచ్చే మాట ఒక్కటీ ఎందుకు రాదు? టికెట్ డబ్బు ఎప్పుడు వెనక్కి వస్తుంది, ఎప్పుడు రాదు?

#2 · చార్ట్ గీత

మొదటిదానికి నేను రాస్తా.

2003 ఆగస్టు 9న మొదలైన రోజు నుంచీ ఎంఎంటీఎస్‌కి సొంత లైను లేదు. మెట్రోతో పోల్చకూడనిది ఇక్కడే. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ వైపు వెళ్లే మెయిన్ లైన్ మీదే లింగంపల్లి దాకా లోకల్ నడుస్తుంది. ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లు, తాండూరు సిమెంటు గూడ్సులు అవే పట్టాల మీద పోవాలి. పైగా నాంపల్లి నుంచి ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్ మీదుగా వచ్చే లైను, సికింద్రాబాద్ నుంచి జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్ మీదుగా వచ్చే లైను హుస్సేన్ సాగర్ జంక్షన్ దగ్గర కలుస్తాయి. రెండు దిక్కుల బండ్లకి అక్కణ్ణుంచి ఒకటే దారి. ఒకటి ఆగితే రెండో దిక్కు బండి కూడా దాని వెనకే నిలబడుతుంది.

ఇంక రేక్ లింక్. రేక్ అంటే విడదీయకుండా తిప్పే పెట్టెల జత. బండి అంటే మనకి టైంటేబుల్లో ఒక లైను, బండ్లని నడిపించే కంట్రోల్ ఆఫీస్‌కి మాత్రం అదొక గొలుసు. ఉదాహరణకి ఒక రేక్ రోజుకి 8 ట్రిప్పులు తిరగాలనుకోండి. చివరి స్టేషన్‌లో తిరిగి బయల్దేరడానికి 10 నిమిషాలు ఇచ్చారు. ఆ పదిలో లోకో పైలట్ ఈ చివర క్యాబ్ మూసి ఆ చివరికి నడవాలి, బ్రేకు పరీక్ష చూడాలి. ఎంత తొందరపడ్డా 5 నిమిషాలు పోతాయి, అంటే ఒక్కో చివర మిగిలేది 5 నిమిషాలే. పొద్దున మొదటి ట్రిప్పులో 25 నిమిషాలు పోయాయంటే అది పూడటానికి 5 సార్లు తిరగాలి, అంటే మధ్యాహ్నం దాటిపోతుంది. ఈలోగా ప్లాట్‌ఫాం మీద రెండు బండ్ల జనం ఒక బండి ఎక్కుతారు, 30 సెకన్ల హాల్ట్ నిమిషంన్నర అవుతుంది. పూడాల్సిన లేటు ఇంకా పెరుగుతుంది.

అందుకే పని తెలిసిన కంట్రోలర్ ఒక్కోసారి ఒక ట్రిప్పుని కావాలనే రద్దు చేస్తాడు. ఒక్కటి పోతే మిగతా ఏడూ టైముకి వస్తాయి. జనానికి అది అన్యాయంలా కనిపిస్తుంది గానీ లెక్క ప్రకారం సరైన పని. తప్పు ఎక్కడంటే, ఆ రద్దు సంగతి ప్లాట్‌ఫాం మీదున్నవాళ్లకి బండి టైము దాటాక తెలియడం.

#3 · తీగల పని

కరెంటు పోవడం గురించి. పై తీగలో 25 వేల వోల్టులు, 107 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పట్టా నుంచి దాదాపు ఐదున్నర మీటర్ల ఎత్తు. హైదరాబాద్‌లో దీన్ని పడగొట్టేవి ఏటా అవే: వాన ముందు ఈదురుగాలికి విరిగిన కొమ్మలు, పక్క బిల్డింగుల మీద నుంచి చిరిగి వచ్చిన ఫ్లెక్సీలు, సంక్రాంతికి గాలిపటం దారాలు, మాస్టుల (తీగ మోసే స్తంభాల) మీద కాకి గూళ్లలో ఉండే ఇనుప తీగ ముక్కలు.

వరస ఇలా ఉంటుంది. తీగకి ఏదో తగిలి షార్ట్ అవగానే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుంది. ట్రాక్షన్ పవర్ కంట్రోలర్, అంటే టీపీసీ, ఒకసారి మళ్లీ వేసి చూస్తాడు. కొమ్మ తగిలి కింద పడిపోయి ఉంటే కరెంటు నిలబడుతుంది, మీకు ఫ్యాన్లు ఒక నిమిషం ఆగి తిరిగినట్టే ఉంటుంది. మళ్లీ పడితే అసలు పని మొదలు. మొత్తం సెక్షన్‌ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకీ కరెంటు ఇచ్చి చూస్తాడు, ఏ ముక్క దగ్గర పడిందో దాన్ని వేరు చేసి మిగతావాటికి ఇచ్చేస్తాడు. అందుకే ఒక్కోసారి హఫీజ్‌పేటలో బండి నడుస్తుంటే బోరబండలో నడవదు.

తీగ తెగితే టవర్ వ్యాగన్, అంటే తీగ బాగుచేసే బండి, రావాలి. వచ్చినా వెంటనే ఎవరూ తీగ ముట్టుకోరు. పవర్ బ్లాక్ తీసుకోవాలి (ఆ ముక్కకి కరెంటు ఆపించాలి), టీపీసీ నుంచి పర్మిట్ రావాలి, పని చోటుకి రెండు పక్కలా డిశ్చార్జ్ రాడ్లు తగిలించి ఎర్త్ చేయాలి. స్విచ్ ఆపిన తీగలో కూడా పక్క లైను నుంచి ఇండక్షన్‌తో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. ఈ మూడు మెట్లలో ఒకటి దాటేస్తే మనిషి పోతాడు. కాబట్టి "వచ్చి అరగంటైంది, కింద నిలబడి చూస్తున్నారు" అని దయచేసి అనకండి.

ఆ టవర్ వ్యాగన్ కూడా ఆగిపోయిన బండ్ల మధ్య నుంచే రావాలన్నది ఇంకో చిక్కు. పాంటోగ్రాఫ్ (బండి పైన కరెంటు అందుకునే చట్రం) తీగలో చిక్కుకుని ఉంటే బండిని లాగకూడదు, లాగితే ఇంకో నాలుగు మాస్టుల తీగ వచ్చేస్తుంది.

#4 · ఆర్ట్స్ కాలేజ్ స్టాప్

అన్నా, కరెంటు ఉంటుంది, ముందు బండి కనపడదు, అయినా ప్రతి సిగ్నల్ దగ్గర ఆగి ఆగి నడుస్తుంది. అది ఎందుకు? వాన పడ్డప్పుడే ఎక్కువ.

#5 · రిలే గది

ట్రాక్ సర్క్యూట్ పడిపోవడం వల్ల. పట్టాని ముక్కలుగా విడదీసి ఒక చివర చిన్న కరెంటు ఇస్తారు, రెండో చివర రిలే ఉంటుంది. బండి చక్రాలు ఆ రెండు పట్టాలనీ కలిపేస్తే రిలేకి కరెంటు అందదు, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. ఇప్పుడు వాన పడి కంకర కింద బురద నీళ్లు నిలిచాయి. కరెంటు ఈ పట్టా నుంచి ఆ పట్టాకి నీళ్లలోంచే జారుతుంది. బండి లేకపోయినా రిలే పడిపోతుంది. పరికరానికి అనుమానం వస్తే ఎరుపే చూపాలి, ఆకుపచ్చ చూపకూడదు. అది చెడిపోయినా సురక్షితంగానే చెడిపోవాలని అలా కట్టారు.

ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే లోకో పైలట్ బండి ఆపి పగలైతే 1 నిమిషం, రాత్రయితే 2 నిమిషాలు ఆగాలి. తర్వాత కూత వేసి, ముందు ఏ అడ్డు ఉన్నా దానికి ఇవతలే ఆపగలిగేంత నెమ్మదిగా, తర్వాతి సిగ్నల్ దాకా పోవాలి. వరసగా నాలుగు సిగ్నల్స్ అలా ఉంటే మీకు కనిపించేది అదే.

స్టేషన్ దగ్గరి పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించేది) పాడైతే ఇంకా ఎక్కువ టైము పోతుంది. పాయింటు నాలుక పట్టాకి, పక్క పట్టాకి మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డు ఉన్నా లాక్ కాకూడదని నియమం. బండి అదురుకి జారిన ఒక కంకర రాయి చాలు. అప్పుడు మనిషి వెళ్లి రాయి తీయాలి, కుదరకపోతే క్రాంక్ హ్యాండిల్‌తో చేత్తో తిప్పాలి, క్లాంపు బిగించి తాళం వేయాలి. తర్వాత స్టేషన్ మాస్టర్ టీ/369 (3బీ) కాగితం రాసి లోకో పైలట్ చేతికి ఇస్తేనే ఎర్ర సిగ్నల్ దాటుతాడు. ఒక్కో బండికీ ఈ తతంగం మొత్తం మళ్లీ చేయాల్సిందే. తొమ్మిది గంటల రద్దీలో ఒక్కో బండికి పది నిమిషాలు అనుకున్నా వెనక ఎన్ని నిలబడతాయో లెక్క వేసుకోండి.

యాక్సిల్ కౌంటర్ ఉన్నచోట నీళ్ల బాధ తక్కువ. అది సెక్షన్‌లోకి పోయిన ఇరుసుల్ని, బయటికి వచ్చినవాటిని లెక్కపెడుతుంది. లెక్క కుదరకపోతే సెక్షన్ ఖాళీ అని చూపదు. రీసెట్ నొక్కడం ఒక్క సెకను పని, కానీ నొక్కే ముందు సెక్షన్ నిజంగా ఖాళీయేనని స్టేషన్ మాస్టర్ తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి పట్టే టైమే మీరు కూర్చునే టైము.

#6 · నాంపల్లి ఎండ్

రెండో ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. వంద నిమిషాల ఆలస్యాన్ని జనం ఓర్చుకుంటారు. ఓర్చుకోలేనిది ఏమీ తెలియకుండా నిలబడటం. బండి దొరకనివాళ్లు పట్టాల మీదికి దిగి నడిచేది ఆ తెలియకపోవడం వల్లే.

మామూలుగా వినిపించేది ఇది:

"ప్రయాణికులకు గమనిక. సాంకేతిక కారణాల వలన లింగంపల్లి వెళ్లు ఎంఎంటీఎస్ ఆలస్యముగా నడుచుచున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఎక్కడ, ఏమైంది, ఎంతసేపు, నేనేం చేయాలి: నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఉండాల్సింది ఇలా:

"లింగంపల్లి వైపు వెళ్లేవారు వినండి. ఫతేనగర్, భరత్‌నగర్ మధ్య కరెంటు తీగ తెగింది. ఆ వైపు బండ్లు ప్రస్తుతం నడవడం లేదు. బాగుచేసే బండి బయల్దేరింది. తర్వాతి సమాచారం 8 గంటల 40 నిమిషాలకు చెబుతాం. తొందర ఉన్నవారు మెట్రోలో వెళ్లండి. ఎదురుచూసేవారు ఇదే ప్లాట్‌ఫాం మీద ఉండండి, పట్టాలు దాటవద్దు."

చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ కలిపి నిమిషంన్నర. ఇందులో ప్రాణం "8 గంటల 40 నిమిషాలకు" అన్న ముక్క. బండి ఎప్పుడొస్తుందో చెప్పలేకపోవచ్చు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతామో మాత్రం ఎప్పుడూ చెప్పవచ్చు. 8:40కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా మైకు పట్టుకుని "ఇంకా పని జరుగుతోంది, మళ్లీ 9 గంటలకు చెబుతాం" అనాలి. ఒక్కసారి ఆ మాట తప్పితే తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

#7 · చార్ట్ గీత

నాంపల్లి గారూ, మాట ఒప్పుకుంటా, కానీ స్టేషన్ మాస్టర్ పరిస్థితి కూడా చూడండి. అదే పది నిమిషాల్లో ఆయన సెక్షన్ కంట్రోలర్‌తో మాట్లాడాలి, పక్క స్టేషన్‌తో ప్రైవేట్ నంబర్లు (మాట ఖాయం చేసే అంకెలు) ఇచ్చిపుచ్చుకోవాలి, పాయింట్స్‌మన్‌ని పంపాలి, కాగితాలు రాయాలి. అందులో ఒక్క అంకె తప్పితే ప్రాణాలు పోతాయి. చిన్న స్టేషన్‌లో ఆ మనిషికి మైకు మూడో చేతి పని.

#8 · నాంపల్లి ఎండ్

అందుకే ఆ పని ఆయనకి పెట్టొద్దంటున్నా. కంట్రోల్‌లో ఒక కుర్చీ ప్రయాణికుల సమాచారానికే ఉండాలి. బండ్లు నడిపే బాధ్యత ఆ మనిషికి ఉండకూడదు. సెక్షన్ కంట్రోలర్ మాట వింటూ, పైన రాసినలాంటి నాలుగు వాక్యాలు తయారుచేసి అన్ని స్టేషన్లకీ ఒకేసారి పంపాలి. స్టేషన్‌లో ఎవరైనా చదవచ్చు, బుకింగ్ క్లర్క్ అయినా సరే.

ఇంకోటి, ప్లాట్‌ఫాం మార్చడం. గందరగోళంలో ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 30 నుంచి 35 మంది ఎక్కగలరు. 3 మీటర్ల మెట్లంటే నిమిషానికి వంద మంది. ప్లాట్‌ఫాం మీద వెయ్యి మంది ఉంటే 10 నిమిషాలు, అదీ ఎదురుగా ఎవరూ దిగకపోతే. బండి హోం సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) దాటాక ప్లాట్‌ఫాం మారిందని చెప్తే ఆ వెయ్యి మందీ ఒకేసారి మెట్ల మీద పడతారు. తప్పనిసరై మార్చాల్సి వస్తే బండినే బయట ఆపాలి, జనం దాటాక లోపలికి తీసుకోవాలి. బండి పది నిమిషాలు లేటైతే చార్టులో ఒక గీత వంగుతుంది, అంతే.

#9 · చార్ట్ గీత

ఇది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటున్నా.

#10 · ఉదయం 7:40

యాప్‌లో 12 నిమిషాల్లో వస్తుందని చూపిస్తుంది, 40 అయినా రాదు. ఒక్కోసారి గంట లేటు అని చూపించిన ఎక్స్‌ప్రెస్ టైముకే వచ్చేస్తుంది. ఏది నమ్మాలి?

#11 · చార్ట్ గీత

రెండూ వేర్వేరు కారణాలు. ఎన్‌టీఈఎస్‌కి, అంటే బండి ఎక్కడుందో చూపే రైల్వే యాప్‌కి, సమాచారం కంట్రోల్ ఆఫీస్ చార్టు నుంచి వస్తుంది, అంటే బండి ఒక స్టేషన్ దాటినట్టు నమోదయ్యాకే తెలుస్తుంది. రెండు స్టేషన్ల మధ్య ఆగిపోయిన బండి దాని లెక్కలో నడుస్తూనే ఉంటుంది. కాబట్టి "వచ్చే టైము" చూడకండి, "చివరగా దాటిన స్టేషన్, దాటిన టైము" చూడండి. మామూలుగా 4 నిమిషాలు పట్టే చోట 15 అయినా తర్వాతి స్టేషన్ పడలేదంటే మధ్యలో ఆగిందని అర్థం.

రెండోది, దూరపు బండ్ల టైంటేబుల్లో చివరి స్టేషన్‌కి ముందు ఇంజినీరింగ్, ట్రాఫిక్ అలవెన్సులు, అంటే లేటు పూడ్చుకునే అదనపు నిమిషాలు, కలుపుతారు. ఘట్‌కేసర్‌లో లేటున్న బండి సికింద్రాబాద్‌కి టైముకి వచ్చేది అందుకే. తీసుకురావడానికి వెళ్లేవాళ్లు యాప్‌లో లేటు చూసి ఇంట్లో కూర్చోవద్దు.

#12 · టీడీఆర్ సహాయం

డబ్బుల సంగతి. ముందు లోకల్ టికెట్. అన్‌రిజర్వ్‌డ్ టికెట్ వద్దనుకుంటే తీసిన 3 గంటల్లోపు కౌంటర్‌లో తిరిగి ఇవ్వాలి, మనిషికి 30 రూపాయలు క్లర్కేజీ (రద్దు ఖర్చు) పోతుంది. 10 రూపాయల ఎంఎంటీఎస్ టికెట్‌కి అలా వచ్చేది సున్నా. మొబైల్‌లో తీసిన పేపర్‌లెస్ టికెట్ అసలు రద్దు కాదు. అందుకే వాన రోజున ఇంట్లోంచి ముందే టికెట్ తీయకండి, మీ బండి ఎక్కడుందో చూసుకుని తీయండి. రోజూ తిరిగేవాళ్లకి సీజన్ టికెట్టే మేలు.

రిజర్వేషన్ టికెట్లో జనం ఎక్కువగా పోగొట్టుకునేది 3 గంటల నియమం దగ్గర. మీరు ఎక్కాల్సిన స్టేషన్‌కి బండి 3 గంటల కంటే ఎక్కువ లేటుగా వచ్చి, మీరు ఎక్కకపోతే పూర్తి డబ్బు వస్తుంది. తత్కాల్‌కి, ఆర్‌ఏసీకి కూడా. ఈ-టికెట్ అయితే బండి మీ స్టేషన్ నుంచి నిజంగా కదిలేలోపు టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి అడిగే దరఖాస్తు, వేయాలి. కౌంటర్ టికెట్ అయితే ఆలోపే కౌంటర్‌లో ఇవ్వాలి. దిగాల్సిన స్టేషన్‌కి 5 గంటలు లేటుగా చేరినా పైసా రాదు, ఎందుకంటే మీరు ప్రయాణం చేశారు. బండి వెళ్లిపోయాక తీరిగ్గా ఇంటికొచ్చి వేస్తే కూడా రాదు.

వేసే పద్ధతి: ఐఆర్‌సీటీసీలో లాగిన్ అయి, మై ట్రాన్సాక్షన్స్‌లో ఫైల్ టీడీఆర్ తెరిచి, పీఎన్‌ఆర్ ఎంచుకుని, జాబితాలో సరైన కారణం పెట్టి, ఎక్కనివాళ్ల పేర్ల దగ్గర మాత్రమే టిక్ చేయాలి. నలుగురిలో ఇద్దరు ఎక్కితే నలుగురికీ టిక్ పెట్టకండి. టీటీఈ చార్టులో ఇద్దరు వచ్చినట్టు ఉంటుంది, మొత్తం క్లెయిమ్ ఇరుక్కుంటుంది.

బండి మొత్తం రద్దయితే ఈ-టికెట్ డబ్బు దానంతట అదే వస్తుంది, టీడీఆర్ అక్కర్లేదు. కౌంటర్ టికెట్‌ని మాత్రం బండి టైము నుంచి 3 రోజుల్లోపు ఇచ్చి తీసుకోవాలి. ఏసీ పనిచేయకపోతే దిగిన 20 గంటల్లోపు వేయాలి, టీటీఈ దగ్గర సర్టిఫికెట్ రాయించుకోవడం మర్చిపోవద్దు.

#13 · ఆర్ట్స్ కాలేజ్ స్టాప్

బండి దారి మళ్లిస్తే? ఇక్కణ్ణుంచి విజయవాడ వైపు వెళ్లేవాళ్లకి ఇదే పెద్ద సమస్య.

#14 · టీడీఆర్ సహాయం

మీరు ఎక్కాల్సిన లేదా దిగాల్సిన స్టేషన్ కొత్త దారిలో లేకపోయినా, దారి మారిందని మీరు వెళ్లకపోయినా పూర్తి డబ్బు వస్తుంది. టైము బండి బయల్దేరాల్సిన వేళ నుంచి 72 గంటలు.

ఒక జాగ్రత్త. రద్దు, మళ్లింపు మెసేజ్ బుకింగ్‌లో పెట్టిన నంబరుకే పోతుంది. ఏజెంట్ తన నంబరు పెడితే మీకు ఏమీ తెలియదు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని బండ్లు చర్లపల్లికి, కాచిగూడకి మారాయి కాబట్టి టికెట్ మీద మీ నంబరు ఉండటం ఇప్పుడు ఇంకా ముఖ్యం. టికెట్ తీసిన రోజు సికింద్రాబాద్ అని ఉన్నా, బయల్దేరే ముందు రోజు ఒకసారి 139కి ఫోన్ చేసి అడగండి.

#15 · కాజీపేట వై

దారి మళ్లింపు మీద నేను కొంచెం రాస్తా.

2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకి పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట–విజయవాడ దారి మూసుకుపోతే హైదరాబాద్‌కి మిగిలే దగ్గరి దారి పగిడిపల్లి దగ్గర తిరిగి నల్గొండ, గుంటూరు మీదుగా విజయవాడ. అది ఎక్కువ భాగం సింగిల్ లైను. ఎదురెదురు బండ్లు స్టేషన్‌లోనే తప్పుకోవాలి. డబుల్ లైను బండ్లన్నీ తెచ్చి దాని మీద పడేస్తే పట్టవు, సగం రద్దు చేయాల్సిందే. రద్దుల జాబితా అంత పొడవుండటానికి కారణం అదే. ఆ మళ్లింపు దారిలో కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం నాలుగూ తప్పిపోతాయి. ఆ నాలుగు ఊళ్లవాళ్లకి బండి నడుస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ వాళ్లకి లేనట్టే. అది విడిగా, పేరు పెట్టి చెప్పాలి.

అప్పుడు మధ్యలో చిక్కుకున్న బండ్ల ప్రయాణికుల్ని బస్సుల్లో కాజీపేట చేర్చి అక్కణ్ణుంచి పంపారు. ఇలాంటి పనికి లెక్క ముందే కట్టి పెట్టుకోవాలి. బండిలో 1,200 మంది ఉన్నారనుకుంటే అర లీటరు సీసా ఒక్కొక్కటి, అంటే 24 సీసాల కేసులు 50. మనిషికి ఒకటే ఇస్తే ఎండలో గంట కూడా చాలదు, 100 కేసులు అడగండి. బస్సుకి 50 మంది చొప్పున 24 బస్సులు. సామాను ఉంటుంది కాబట్టి 28 అడిగితే 24 బస్సుల పని జరుగుతుంది. తిండికి పులిహోర పొట్లాలు. పెరుగన్నం వద్దు, ఉప్మా కూడా చల్లారితే పిల్లలు తినరు. పులిహోర పొద్దున చేస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది, స్పూను అక్కర్లేదు.

బస్సులు వచ్చాక అందరినీ ఒకేసారి దింపకూడదు. ఒక కోచ్ ఖాళీ అయ్యాకే రెండోది. టీటీఈ చార్టు పట్టుకుని కోచ్ తలుపు దగ్గర లెక్కపెట్టాలి, బస్సు నంబరు పక్కన కోచ్ నంబరు రాసుకోవాలి. ఆ కాగితం లేకపోతే రెండు గంటల తర్వాత ఫలానా ముసలమ్మ ఎక్కడ అంటే ఎవరికీ తెలియదు. రోడ్డు కూడా వరదలో ఉందేమో బస్సులు బయల్దేరక ముందే పోలీసుల్ని అడగాలి.

#16 · లింగంపల్లి లోకల్

ఇలాంటివే కావాలి, చాలా థాంక్స్ అన్నా. 2024 నవంబర్‌లో రాఘవాపురం–రామగుండం మధ్య గూడ్స్ పడిపోయినప్పుడు ఢిల్లీ వైపు బండ్లు నిజామాబాద్ మీదుగా పంపారు కదా, అదీ ఇలాగేనా?

#17 · కాజీపేట వై

అదే సూత్రం. నిజామాబాద్, ముద్ఖేడ్, ఆదిలాబాద్ మీదుగా. అదీ సింగిల్ లైనే ఎక్కువ, పైగా చుట్టు. వ్యాగన్లు పట్టాల మీదే పడి ఉంటే ముందు యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైన్ రావాలి. పగలైతే 30 నిమిషాల్లో, రాత్రయితే 45 నిమిషాల్లో అది తన చోటు నుంచి బయల్దేరాలని నియమం. దానికి దారి ఇవ్వడానికి ఏ రాజధాని ఎక్స్‌ప్రెస్ అయినా పక్కకి తప్పుకోవాల్సిందే.

#18 · ఉదయం 7:40

లోకల్ ఆగితే ఎక్కడ దిగి ఎటు పోవాలో ఎవరైనా రాయండి.

#19 · నాంపల్లి ఎండ్

మెట్రో దగ్గరగా ఉన్న ఎంఎంటీఎస్ స్టేషన్లు గుర్తుపెట్టుకోండి: బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, సికింద్రాబాద్. భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట మియాపూర్–ఎల్బీ నగర్ లైనులో, బేగంపేట నాగోల్–రాయదుర్గం లైనులో ఉన్నాయి. సికింద్రాబాద్‌లో రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లు ఈస్ట్ మెట్రో స్టేషన్‌కి పోవాలి, వెస్ట్‌కి కాదు. వెస్ట్‌లో జేబీఎస్–ఎంజీబీఎస్ లైను ఉంటుంది.

హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌కి, హైటెక్ సిటీ మెట్రోకి పేరు ఒకటే, నడిచే దూరం కాదు. కొత్తవాళ్లు అక్కడ దిగి మోసపోతారు. లింగంపల్లిలో ఇరుక్కుంటే బస్సు పట్టుకుని మియాపూర్ మెట్రోకి పోవడం సులువు. ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

మలక్‌పేట దాటి యాకుత్‌పురా, ఫలక్‌నుమా వైపు వాళ్లకి మాత్రం బస్సే దిక్కు. ఆ వైపు లోకల్ ఆగితే పాతబస్తీకి పోయే దారులన్నీ ఇరుకు. అందుకే అక్కడ రద్దు సంగతి అందరికన్నా ముందు చెప్పాలి, చివర కాదు.

#20 · రిలే గది

సికింద్రాబాద్‌లోనే సమస్య వస్తే సనత్‌నగర్–మౌలాలి బైపాస్ ఉంది. 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ ఆ దారిలోనే మొదలైంది. స్టేషన్ యార్డు తాకకుండా తూర్పు నుంచి పడమరకి పోయే దారి ఒకటి ఉండటం చిన్న విషయం కాదు. గందరగోళం రోజున దాన్ని గూడ్స్‌కి వదిలేసి లోకళ్లని యార్డులో నిలబెట్టడం నాకు నచ్చదు.

#21 · చార్ట్ గీత

గూడ్స్‌ని తిట్టడం తేలిక, నిలబెట్టేది ఎక్కడ? 58 వ్యాగన్ల గూడ్స్ ఇంజిన్‌తో కలిపి 650 మీటర్లకి పైనే. అంత పొడవు లూప్ (బండిని పక్కన ఆపే లైను) ఉన్నచోటే ఆపాలి. లింగంపల్లి దాటి వచ్చేశాక ఊళ్లో దాన్ని పెట్టే చోటు తక్కువ. కాబట్టి నిర్ణయం శంకర్‌పల్లి, నాగులపల్లి దగ్గరే జరగాలి. పొద్దున 7:30 తర్వాత లోకల్ లేటులో ఉంటే గూడ్స్‌ని అటే ఆపాలి. ఇంకో అరగంట చూద్దాం అనుకుంటే అది చందానగర్‌లో మెయిన్ లైను మీద ఉంటుంది, ఇంక దాన్ని ఏమీ చేయలేం. దాని లోకో పైలట్‌కి 9 గంటల డ్యూటీ నిండితే కథ ఇంకోలా తిరుగుతుంది, కొత్త మనిషి వచ్చేదాకా అది కదలదు.

ఎక్స్‌ప్రెస్ ముందా లోకల్ ముందా అన్నదానికి నా అభిప్రాయం: రద్దీ వేళల్లో అప్పటికే గంట లేటున్న ఎక్స్‌ప్రెస్‌కి ఇంకో 6 నిమిషాలు కలిస్తే దానికి పెద్దగా తేడా లేదు. ఆ 6 నిమిషాలు లోకల్‌కి ఇస్తే వెనకున్న మూడు లోకళ్లు బతుకుతాయి. చాలామంది కంట్రోలర్లు దీనికి ఒప్పుకోరు, ఎక్స్‌ప్రెస్ టైముని జోన్ మొత్తం చూస్తుంది కాబట్టి.

#22 · కాజీపేట వై

పైగా కంట్రోల్ బోర్డులు రెండు. ఫలక్‌నుమా, కాచిగూడ వైపు హైదరాబాద్ డివిజన్, లింగంపల్లి వైపు సికింద్రాబాద్ డివిజన్. ఫలక్‌నుమా–లింగంపల్లి లోకల్ దారిలో ఒక కంట్రోలర్ చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతుంది. ఇవతల లేటుగా వదిలినవాడికి అవతల ఎంత చేటో కనిపించదు. రెండు బోర్డులకీ లోకళ్ల వరకు ఒకే మనిషి జవాబుదారీగా ఉంటే సగం బాధ తీరుతుంది.

#23 · ఆర్ట్స్ కాలేజ్ స్టాప్

చివరి ప్రశ్న. బండి సంజీవయ్య పార్క్ దగ్గర, స్టేషన్ల మధ్య ఆగిపోయి, లైట్లు మాత్రమే ఉండి, జనం దూకుతుంటే దిగొచ్చా?

#24 · తీగల పని

మొదటి మాట: మీ అంతట మీరు దిగకండి. లోపల లైట్లు ఉన్నాయంటే అవి బ్యాటరీ మీద వెలుగుతున్నాయి, అంతే. పైన తీగ చచ్చిందని అర్థం కాదు, ఏ క్షణంలోనైనా టీపీసీ మళ్లీ వేస్తాడు. పక్క లైను మీద ఇంకో బండి వస్తుంటుంది, దాని చప్పుడు చివరి దాకా తెలియదు.

ట్రైన్ మేనేజర్, అంటే పాత పేరు గార్డు, పక్క లైను బండ్లు ఆపించాక దిగమంటేనే దిగాలి. మన దగ్గర బండి ఎడమ లైను మీద నడుస్తుంది కాబట్టి బండి వెళ్లే దిక్కుకి ముఖం పెట్టి ఎడమ వైపు దిగాలి. కుడి వైపు దిగితే నేరుగా రెండో లైను మీద పడతారు. కోచ్ నేల పట్టా కన్నా దాదాపు 4 అడుగుల ఎత్తు, కింద కంకర జారుతుంది. దూకకుండా, ముఖం కోచ్ లోపలికి తిప్పి, కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టి దిగండి. ముసలివాళ్లని కింద ఇద్దరు పట్టుకోవాలి.

తెగిన తీగ ఎక్కడైనా వేలాడుతుంటే దాని దగ్గరికి అసలు పోవద్దు. గొడుగు తెరవొద్దు, ఇనుప కడ్డీ, సెల్ఫీ స్టిక్ ఎత్తొద్దు. తీగ కోచ్‌కి తగులుతూ ఉంటే మాత్రం అసలు దిగొద్దు, లోపలే కూర్చోండి. ఒక కాలు నేల మీద, ఒక చేయి కోచ్ కమ్మీ మీద ఉన్న ఆ క్షణంలోనే కరెంటు మీలోంచి పోతుంది.

#25 · ఆర్ట్స్ కాలేజ్ స్టాప్

ఇది మా ఇంట్లో అందరికీ పంపిస్తున్నా. కిటికీలోంచి గాలి కోసం చెయ్యి బయట పెట్టడం ఫర్లేదా?

#26 · తీగల పని

చెయ్యి కూడా వద్దు. పక్క లైను బండి తలుపు దగ్గర వేలాడేవాళ్ల బ్యాగులు తగులుతాయి. గాలి కావాలంటే ఎడమ వైపు తలుపు దగ్గర లోపల నిలబడండి, కమ్మీ వదలొద్దు.